కొట్టివేతలు లేనందువల్ల నేను మనిషిని కానన్న విషయమై

పరీక్షల విభాగం అధికారి గారికి,
మొదటి సంవత్సరం, మూడో బెంచీ, కిటికీ వైపు కూర్చునే విద్యార్థిని సమర్పించుకొను అర్జీ.

విషయం: నేను స్వయంగా రాసిన వ్యాసాన్ని యంత్రం రాసినదిగా నిర్ధారించి నా హాల్ టికెట్ ఆపివేయుట – సదరు నిర్ధారణను రద్దు చేయవలెనని – అలాగే చివరి బెంచీ విద్యార్థి హాల్ టికెట్ కూడా విడుదల చేయవలెనని – ప్రార్థన.

అయ్యా,

దయామయులైన (ఈ మాట కొట్టివేయడమైనది, తమ నిర్ణయం ఇంకా రాలేదు కనుక) తమ సముఖమునకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

ముందుగా ఒక సంజాయిషీ. ఈ అర్జీలో అక్కడక్కడా కొట్టివేతలు కనబడతాయి. అవి అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. తమ కార్యాలయ ఉత్తర్వును అనుసరించి ఉంచినవి. కొట్టిన మాట ఏమిటో, ఎందుకు కొట్టానో పక్కనే రాశాను. దాచుకోవలసింది నాకేమీ లేదు.

1. ఈ ఏడాది మాకు ‘నాకు తెలిసిన ఒక గది’ అనే అంశంపై వ్యాసం ఇచ్చారు. అది ఆమోదం పొందితేనే వార్షిక పరీక్షకు కూర్చోనిస్తారు. మా తరగతిలో దాదాపు అందరూ ఫోన్ తీసి, అందులో ఏదడిగినా రాసిపెట్టే యంత్రాన్ని అడిగారు. యంత్రం కాదనలేదు. అది ఎవరినీ కాదనదు. దానితో చిక్కే అది. వ్యాసాలన్నీ వేళకు వచ్చాయి. ప్రతి గదికీ తూర్పున ఒక కిటికీ ఉంది. ప్రతి కిటికీలోంచీ లేత సూర్యకిరణాలు ప్రసరించాయి. ప్రతి మూలా జ్ఞాపకాల పరిమళం గుబాళించింది. ఊళ్ళో ఉన్నది ఒకటే గది అయినట్టూ, అందులో తరగతి తరగతంతా వంతులవారీగా అద్దెకుంటున్నట్టూ తోచింది మా మాస్టారికి. ఆయన మొదటి బెంచీ అబ్బాయిని లేపారు.

“ఏరా, నీ గది గురించి ఏం రాశావో నాలుగు ముక్కలు చెప్పు.”

“నేనింకా చదవలేదు మాస్టారూ.”

“నువ్వు రాసిందే కదరా!”

“రాశాను మాస్టారూ. చదవడానికే టైము దొరకలేదు.”

మేము నవ్వాం. మాస్టారు నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి తిన్నగా తమ కార్యాలయానికి నడిచారు. ఆ నడక ఫలితమే తమ ఉత్తర్వు.

2. సదరు ఉత్తర్వులో తమరు ఇలా సెలవిచ్చారు: “మనిషి ఆలోచిస్తాడు. ఆలోచించేవాడు తడబడతాడు. తడబడినవాడు రాసింది కొట్టివేస్తాడు.” ఈ మూడు వాక్యాలూ నోటీసు బోర్డు ముందు నిలబడి చదువుతుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించిందని మనవి. ఇబ్బందల్లా నాలుగో వాక్యంతోనే: “కావున ప్రతి వ్యాసమూ చేతిరాతలో ఉండవలెను, ప్రతి పేజీలో కనీసం రెండు కొట్టివేతలు కనిపించవలెను.”

అయ్యా, దీని పర్యవసానం తమరు ఊహించి ఉండరు. మా వాళ్ళు యంత్రం ఇచ్చిన వ్యాసాన్నే చేత్తో ఎక్కించుకుంటూ, మళ్ళీ యంత్రాన్నే అడిగారు: “ఇందులో మనిషయితే ఎక్కడ తడబడతాడు?” అది మర్యాదగా చోట్లు చూపించింది. తాము ఎక్కడ తడబడాలో తెలుసుకోవడానికి కూడా మా వాళ్ళు ఒక్క క్షణం తడబడలేదు.

తర్వాత ఆ కొట్టివేత సహజంగా కనబడాలి కదా. అందుకు మా తరగతిలో ఒక అమ్మాయి చెయ్యి తిరిగింది. ఆమెను ఇప్పుడందరూ గీతలమ్మ అంటున్నారు. ఫ్యాను కింద చోటు ఇస్తే చాలు, ఎలాంటి గీత కావాలంటే అలాంటిది గీసిపెడుతుంది. నేను చెవులారా విన్న సంభాషణను సాక్ష్యంగా సమర్పిస్తున్నాను.

“నీకు ఏ గీత కావాలే?”

“కాస్త బాధగా ఉండేది వెయ్యవే. మా తాతయ్య గురించిన పేరా.”

“బాధకి వణుకుతున్నట్టు గీస్తాలే. ఇంతకీ నీకు తాతయ్య ఉన్నాడా?”

“లేడు. వ్యాసంలో ఉన్నాడు.”

ఆ తాతయ్య గారు మనిషి రాతగా ఆమోదం పొందారు. మనవరాలికి హాల్ టికెట్ వచ్చింది.

3. ఇక నా గోడు (ఇక్కడ మొదట ‘ఫిర్యాదు’ అని రాసి కొట్టివేశాను, ఫిర్యాదుకు కోపం చాలు, గోడుకు గొంతు కావాలి). మా అమ్మ పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసుకుని రోగులను లోపలికి పంపే ఉద్యోగం చేస్తుంది. బడి వదిలాక నేను పెరిగిందంతా అక్కడ జనం వేచి ఉండే గదిలోనే. దాని గురించే రాశాను. అందరూ ఒక చెంప అరచేతిలో పెట్టుకుని కూర్చుంటారు. లోపల పన్ను తొలిచే మిషన్ తిరగడం మొదలవగానే మాటలు ఆగిపోతాయి. అప్పుడు వాళ్ళ ముఖాల్లో కనబడేదానికి పేరు పెట్టాలి. అక్కడ చిక్కుకుపోయాను.

భయం అని రాశాను. కాదు, భయమైతే లేచి పోతారు. బెరుకు అన్నాను. అది కొత్తవాళ్ళ ముందు వచ్చేది. జంకు అన్నాను. జంకేవాడు గుమ్మంలోనే ఆగిపోతాడు, వీళ్ళు వచ్చి కుర్చీలో కూర్చున్నారాయె. బెదురు అన్నాను, ఆ మాట వినగానే నాకు లేగదూడ కనబడింది. వారంపాటు ఆ ఒక్క మాట కోసం తిరిగాను. అన్నం తింటూ తిరిగాను. చివరికి గిన్నెలు తోముతుండగా దొరికింది: గుబులు. కడుపులో ఉండేది, జరగబోయేదాని గురించి ఉండేది, పక్కవాడికి చెప్పుకోలేనిది. చేతులకున్న సబ్బు నురగతోనే గదిలోకి పరిగెత్తాను. మా అక్క బెదిరిపోయింది.

“ఏమైందే? పరీక్షలు రద్దయ్యాయా?”

“గుబులు దొరికింది అక్కా!”

“దొరికితే సంతోషమెందుకే, పిచ్చిదానా? పోగొట్టుకోవాలి గానీ.”

యంత్రాన్ని అడిగితే ఈ మాట రెప్పపాటులో వచ్చేదని నాకు తెలుసు. కానీ భయానికీ బెరుకుకూ మధ్య ఉన్న దూరాన్ని అది ఇచ్చి ఉండేది కాదు. ఆ దూరం నడిచినవాళ్ళకే తెలుస్తుంది. నేను ఇప్పుడు ఎవరి ముఖం చూసినా ఈ అయిదింటిలో ఏదో వెతుక్కుంటున్నాను. (‘అందువల్ల నాకు స్నేహితులు తగ్గిపోయారు’ అన్న వాక్యం కొట్టివేయడమైనది, విషయానికి సంబంధం లేదు.)

కొట్టివేతలన్నీ చిత్తుప్రతుల్లోనే అయిపోయాయి. తమకు సమర్పించేది గనుక, అయిపోయిన తడబాటును మళ్ళీ నటించడానికి మనసొప్పక, శుభ్రంగా, ఒక్క మరక లేకుండా, మళ్ళీ రాసి ఇచ్చాను. నా నేరం అంతే. తమ కార్యాలయంలో వ్యాసాలు చూసే గుమాస్తా గారు పేజీలు తిప్పి, “కొట్టివేతలు శూన్యం, యంత్రలిఖితం” అని ముద్ర వేశారు.

“ఒక్కసారి చదవండి సార్,” అన్నాను.

“చదవడం నా పని కాదమ్మా. లెక్కపెట్టడం నా పని.”

“ఇవిగోండి నా చిత్తుప్రతులు. అన్నీ కొట్టివేతలే.”

“చిత్తుప్రతులు కూడా అదే ఇస్తుంది తల్లీ. అడగాలే గానీ టీ మరక వేసి మరీ ఇస్తుంది.”

“మరి నేను మనిషినని ఎలా నమ్ముతారు?”

“నువ్వు మనిషివి కాదని ఎవరన్నారు? నీ వ్యాసం కాదంటున్నా. పక్కకి జరుగు, వెనకాల లైనుంది.”

ఇంటికి వచ్చి చెప్తే మా అక్క, “రెండు తప్పులు చేసిపారేస్తే పోయేదానికి ఎందుకే ఇంత యాతన!” అంది. ఇన్నేళ్ళూ తప్పులు చేస్తే తిట్టిన మనిషి.

4. ఇక చివరి బెంచీ విద్యార్థి సంగతి. ఇతణ్ణి నిద్రమొహం అంటాం. హాజరు పిలిచినప్పుడు తప్ప తానూ ఆ పేరుకే పలుకుతాడు. అతని గది మేడమెట్ల కింద ఉంది. దానికి కిటికీ లేదు. అయినా అందరిలాగే అతని వ్యాసంలోనూ లేత సూర్యకిరణాలు ప్రసరించాయి. ఉత్తర్వు ప్రకారం పేజీకి రెండు మాటలు కొట్టాలి కదా, గీతలమ్మ దగ్గర లైను పెద్దదిగా ఉందని సొంతంగా కొట్టబోయాడు. ఏ మాట కొట్టినా ఒకటే అనుకుని ‘కిటికీ’ కొట్టాడు. మిగతాది అతని నోటితోనే:

“ఒక్క మాట కొట్టానే, అంతే. కిటికీ పోయింది. కిటికీ లేకపోతే ఎండెక్కణ్ణించి వస్తుంది? ఎండ కొట్టేశా. ఇంక ఆ పరిమళం గోల దేనికి? అదీ కొట్టేశా. చూస్తే పేజీలో ఏం మిగల్లేదు. ఇంకేం రాయాలా అని పెన్ను పట్టుకుని కూర్చున్నా.”

“తర్వాత?”

“తర్వాత పైన ఎవరో మెట్లు దిగారు.”

ఆ కొట్టివేతల సందుల్లో అతను రాసింది నేను చదివాను. పై అంతస్తు పెద్దావిడ ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగుతుందట. ఆవిడ మనవడు మెట్టు వదిలి మెట్టు దూకుతాడట. ఆవిడ పక్క వాటా ఆయన మాత్రం రోజూ ఆఫీసు వేళకు బూట్లతో దిగి, వీధి గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, బూట్లు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా ఇల్లు దాటి డాబా మీదికి ఎక్కుతాడట. “ఆయన ఉద్యోగం పోయిందని వాళ్ళింట్లో ఇంకా తెలియదు. నాకు తెలుసు” అని ముగించాడు. అయ్యా, ఆ వాక్యం చదివాక నా గుబులు నాకే చిన్నదిగా కనబడింది.

గుమాస్తా గారు దాని మీద వేసిన ముద్ర: “కొట్టివేతలు అతి. అనుమానాస్పదం.”

ఈ ఏడాది పోతే అతణ్ణి చదువు మాన్పించి గోదాములో పనికి పెడతానని వాళ్ళ మామయ్య తేల్చి చెప్పాడు. అర్జీ పెట్టుకోరా అంటే, “నా తరఫున నువ్వు రాయవే. నాకు వేరే పనుంది,” అంటాడు. ఆ పని ఏమిటయ్యా అంటే, అరిగిన చెప్పు మెట్టు మీద జారితే వచ్చే చప్పుడుకు మాట వెతకడం.

5. ఇదివరకే ఈ విషయమై తమకు ఆన్‌లైన్‌లో ఒక అర్జీ పెట్టాను. ‘పంపు’ నొక్కిన వేలు ఇంకా పైకెత్తకముందే జవాబు వచ్చింది: “ప్రియమైన విద్యార్థీ, మీ ఆవేదన మాకు పూర్తిగా అర్థమైంది. మీ గదిలోని లేత సూర్యకిరణాల వలె మీ భవిష్యత్తు ప్రకాశించుగాక. మీ అభ్యర్థన తిరస్కరించబడినది.” నా అర్జీలో సూర్యకిరణాలు లేవు. పళ్ళ డాక్టరు గారి గదిలో ఉన్నది ట్యూబులైటు. తమ జవాబును యంత్రం రాసిందని నేను ఆరోపించడం లేదు. (‘ఆరోపించడం లేదు’ కొట్టివేయడమైనది.)

కావున ప్రార్థించునది ఏమనగా: తమ ఉత్తర్వును రద్దు చేయవద్దు. దాని వల్లనే ఒకడు నిద్ర లేచాడు. కొట్టివేతలు లెక్కపెట్టే గుమాస్తా గారితో పాటు, వాటి పక్కన ఏముందో చదివే మనిషిని ఒకరిని నియమించండి. మా రెండు వ్యాసాలూ జతచేస్తున్నాను. నమ్మకం కుదరకపోతే మమ్మల్ని ఫోన్లు లేకుండా తమ కార్యాలయంలో ఏ గదిలోనైనా కూర్చోబెట్టి, ఆ గది గురించే రాయమనండి. గది గురించి ఉన్నదున్నట్టు రాస్తామని మాత్రం ముందే మనవి చేస్తున్నాను.

హాల్ టికెట్లకు గడువు ఈ శుక్రవారమే గనుక, తమరు త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(విధేయత విషయంలో కొట్టివేత లేదు),
మూడో బెంచీ, కిటికీ వైపు

తా.క.: ఈ అర్జీ మా అక్కకు చదివి వినిపించాను.

“ఇంత పొడుగు ఎవరు చదువుతారే? మిషన్‌కిచ్చి పది లైన్లు చేయించు.”

“చేయిస్తే నా అర్జీ అవుతుందా?”

“హాల్ టికెట్ అవుతుంది.”

అయినా ఉన్నదున్నట్టు పంపుతున్నాను. తమరు తిరస్కరించినా సరే, తిరస్కారం తమ సొంత మాటల్లో ఉండాలని వేడుకోలు. ఎంత కటువుగా ఉన్నా పుచ్చుకుంటాను. ‘వీల్లేదు’ అనాలా, ‘కుదరదు’ అనాలా, ‘పో’ అంటే సరిపోతుందా అని తమరు కలం పట్టుకుని కాసేపు ఆగితే చాలు. ఊరికే ఆగడమెందుకని, ఆ కాసేపట్లో కింద ఉన్న మా వ్యాసాలు రెండూ తిరగేస్తారని నా ఆశ.