బీజింగ్ ఎల్తాను

శుక్రవారం రాత్రి, జహ్రా

చిన్నోడా, నేను పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆవిడ, సెలవులకి పిల్లల్ని బీజింగ్ తీసుకెళ్తుందంట. వాళ్లని చూసుకోడానికి నన్నూ రమ్మంది. అది నువ్వు డాక్టరు చదివిన ఊరని, జ్వరంతో కన్నుమూసిన ఊరని ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు. వస్తానన్నాను.

ఇయ్యాల సెలవని, మనోళ్లంతా ఉండే అబ్బాసియా పేటకి వెళ్లి సుబ్బులొదినకి చెబితే గుండెలు బాదుకుంది. "ఏటిసూతకంలో, బిడ్డ పోయిన ఊరికి తల్లి ఎల్తాదా? నలుగురూ ఉమ్మేస్తారే!"

"దినకార్యం అయిన వారానికే ఇక్కడ అంట్లు తోమడానికి సముద్రం దాటొచ్చాను వదినా. అప్పుడెవరూ సూతకం అనలేదేం?" అన్నాను. 

ఎల్తాను. ఊరి నడిమధ్యన పాతరాజుల కోట, దాని ఎర్రగోడలు, ఊరి చుట్టూ ఒకదాని బయట ఒకటి రింగురోడ్లు, నేల కింద రైళ్లు, చలికి గడ్డకట్టిన చెరువు మీద జారుతా ఆడుకునే జనం, అన్నీ నువ్వు ఫోన్లో చెప్పినవే. అవన్నీ నా కళ్లతో చూస్తాను. నీ హాస్టలు ముందు కాళ్లు నిలబడతాయో లేదో... నిలబడకపోతే కూర్చునైనా చూస్తాను.

ఎక్కడున్నావో ఏమో, కడుపునిండా అన్నం తిను నాన్నా.