అమ్మ నెత్తి మీద చెయ్యి

ఏప్రిల్ 19, శనివారం
బట్టలు నానబెడుతుంటే యుగంధర్ ప్యాంటు జేబులో గంజాయి పొట్లం దొరికింది. నా తమ్ముడు. పదహారేళ్లు. ఇంటర్ ఫస్టియర్ రాశాడు. అడిగితే దాచలేదు. ఆరు నెలల నుంచి తాగుతున్నాడట. మానాలనే ఉందక్కా, రెండు రోజులు ఉంటాను, మూడో రోజు నా వల్ల కావట్లేదు అన్నాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు. చెప్పనన్నాను.

ఏప్రిల్ 20
చెప్పేశాను.
సముద్రంలో వేట నిషేధం కాబట్టి నాన్న ఇంటి దగ్గరే ఉన్నాడు. వల బాగుచేసుకుంటున్న నాన్ననీ, ఎండుచేపలు తిరగేస్తున్న అమ్మనీ కూర్చోబెట్టి చెప్పాను. కొట్టొద్దు, తిట్టొద్దు, ముందు వాడు చెప్పేది వినండి, ఇది జబ్బులాంటిది, గురువారం రాజమండ్రిలో డాక్టరుకి చూపిద్దాం అన్నాను. నర్సింగ్‌లో చదివింది చదివినట్టు అప్పజెప్పాను. మా నర్సమ్మ చెప్పాక కాదంటామా అంది అమ్మ. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదట. ఆ మాటకి పొంగిపోయాను.

ఏప్రిల్ 21, సాయంత్రం
డ్యూటీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మ వాణ్ణి గంగమ్మ గుడికి తీసుకెళ్లి, వాడి చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుందట. ఇంకోసారి ముట్టుకుంటే మా అమ్మ పోవాల అని వాడి చేత అనిపించిందట. పక్కింటి బేబీ పిన్ని సాక్షి. ఎంత ఏడ్చాడే పాపం, ఇంకెక్కడ ముట్టుకుంటాడు అని మురిసిపోతూ చెప్పింది. డాక్టరు సంగతి ఎత్తితే నాన్న నవ్వాడు. ఒట్టేశాక ఇంకా డాక్టరేంటమ్మా అన్నాడు. మా పేటలో ఒట్టు తప్పినవాణ్ణి పడవ ఎక్కించుకోరు. అంతకు మించిన మందు లేదని నాన్న నమ్మకం.
కొట్టలేదు, తిట్టలేదు. నేను చెప్పినట్టే చేశామనుకుంటున్నారు.

ఏప్రిల్ 24
గురువారం. రాజమండ్రి వెళ్లలేదు.

మే 3
యుగంధర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మళ్లీ తాగుతున్నావా అని అడిగాను. మానేశానన్నాడు. నా మొహం చూడకుండా, మానకపోతే అమ్మ ఉండేదా అన్నాడు.
పోయిన నెల అడగ్గానే నిజం చెప్పినవాడు.

మే 17
టీ గ్లాసు అందుకుంటుంటే అమ్మ వేళ్లు కాలిపోతున్నాయి. జ్వరం నూట రెండు. నాలుగు రోజులుగా దాస్తోంది. రక్తపరీక్షకు పద అంటే తలుపు వేసేసింది. అరవకే, బేబీ చెవిన పడితే పేటంతా తిరిగొస్తది, ఒట్టేయించుకున్న తల్లికి జ్వరమంటే ఏమనుకుంటారు, రేపు వాణ్ణి పడవ ఎవరెక్కిస్తారు అంది. అంటే వాడు తాగుతున్నాడని నీకు తెలుసా అన్నాను. చేపలమ్ముకు బతికేదాన్ని, నాకు వాసనలు నేర్పుతావేంటే అంది.

మే 18
అమ్మ మొహానికి పౌడర్ రాసుకుని వీధి గుమ్మంలో కూర్చుంది. దారిన పోయేవాళ్లందరితో పెద్దగా నవ్వుతూ మాట్లాడింది. ఆమె చేతులు వణకడం యుగంధర్ చూస్తూనే ఉన్నాడు. ఈ జ్వరానికీ నీ ఒట్టుకీ సంబంధం లేదురా, నీళ్ల వల్ల వచ్చుంటుంది అని చెప్పాను. నీకేం అక్కా, చదువుకున్నావు అన్నాడు.

మే 20, మధ్యాహ్నం
వలలు కుట్టుకుంటున్న మగవాళ్లందరి ముందూ నిలబడి వాడు అరిచాడు. తాగుతున్నాను, ఒట్టేసిన నాలుగో రోజు నుంచే తాగుతున్నాను, మా అమ్మకి జ్వరం, ఇప్పటికైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి అని. అమ్మ వాడి నోరు మూయబోయి పడిపోయింది.
అమలాపురం తీసుకెళ్లాం. టైఫాయిడ్.
నాన్న వాణ్ణి ఆటో ఎక్కనివ్వలేదు.

జూన్ 15
నిషేధం అయిపోయింది. పడవలు వెళ్లాయి. వాణ్ణి ఎవరూ పిలవలేదు. అమ్మకి నయమైంది. వాడికి అన్నం పెడుతుంది, మాట్లాడదు. పరువు తీశాడట. వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాను. నువ్వు చెప్పబట్టే కదే ఇంతా అంది.
అదీ నిజమే.

జూన్ 19
రాజమండ్రి బస్సులో రావులపాలెం దాటాక వాడు, డాక్టరు ఏమడుగుతారక్కా అన్నాడు. ఎంత తాగుతున్నావని అడుగుతారన్నాను.
నిజం చెప్పొచ్చా అని అడిగాడు.