పాత ‘ఓర్పు’ నుంచి సముద్రం వైపు వంద మీటర్లు

దోన్ ఆనిబాల్ కర్వహాల్ గారికి,
వ్యాపార లైసెన్సుల విభాగాధికారి,
ప్యూర్తో సెర్నా పురపాలక సంఘం,
పాత సినిమా హాలు నుంచి ఉత్తరానికి యాభై మీటర్లు,
కోస్తారికా.

అయ్యా,

విషయం: నా కిరాణా దుకాణం పేరు పదిరోజుల్లో మార్చకపోతే లైసెన్సు నిలిపివేస్తామని తమరు పంపిన నోటీసు రద్దు చేయుట గురించి, మరియు వారెన్ అనే గ్రింగో (పరదేశి దొర) ఇంటి చిరునామాలో ఒక్క మాట చేర్పించుట గురించి.

గరోబో తీరంలో ‘ఓర్పు’ అనే కిరాణా దుకాణం నడుపుకుంటున్న ఎతెల్వీనా కస్కాంతే అనే నేను తమకు విన్నవించుకునేది ఏమంటే, ఓర్పు అనేది ఇప్పుడు బోర్డు మీద మాత్రమే ఉంది. నా దగ్గర ఆ సరుకు అయిపోయి నాలుగు నెలలైంది.

తమ నోటీసు తెచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు నా పాత చోటికి వెళ్ళి, అక్కడ కార్లు నిలిపే స్థలం చూసి, తిరిగి ఆఫీసుకి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఏడో రోజున నన్ను కనుక్కున్నాడు. మంచివాడు. ఎండన పడి వచ్చాడని కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాను. మొత్తానికి నాకు మిగిలింది మూడు రోజులు. ఫోనులోనే గబగబా టైపు చేస్తున్నాను. మధ్యలో గిరాకీ వస్తోంది. తప్పులుంటే మన్నించాలి. ఫిర్యాదులు ఈ కింద వరసగా రాస్తున్నాను.

1. సదరు వారెన్ ఆరేళ్ళ కిందట కెనడా నుంచి వచ్చి మా మూల మీద బస్సు దిగాడు. వీపున సంచి, ముక్కేమో ఉడికిన రొయ్య. కలబంద మట్ట చీల్చి ఆ ముక్కుకి రాసింది నేనే. మన భాష ఫోనులో నేర్చుకొచ్చాడు. ఆ ఫోను అతనికి ‘నువ్వు’ ఒక్కటే నేర్పింది. తమకు తెలియనిది కాదు, మన వైపు మొగుడూపెళ్ళాలు ‘మీరు’ అనుకుంటారు, తల్లి చంటిపిల్లని ‘మీరు’ అంటుంది, కుక్క వంటింట్లోకొస్తే ‘మీరు బయటికి నడవండి’ అంటాం.

“నువ్వు నీళ్ళు ఉన్నావా?” అన్నాడు వారెన్.

“నేను నీళ్ళు కాదు నాయనా, ఎతెల్వీనాని. ‘మీ దగ్గర నీళ్ళున్నాయా’ అనాలి.”

“నువ్వు మంచి మనిషి, ఎతెల్వీనా,” అన్నాడు. సరే, పరాయి దేశంవాడు, నేర్చుకుంటాడులే అనుకున్నాను. ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

2. ఏటా రెండు నెలలు వచ్చి ఉండేవాడు. ఆదివారాలు మా ఇంట్లోనే అన్నమూ బీన్సూ. క్రిస్మసుకి మొక్కజొన్నపిండి తమాలెలు చుడుతుంటే అరటాకులు తుడిచి ఇచ్చేవాడు. మూడో ఏడు ఇక్కడే భూమి కొంటానన్నాడు. ఏజెంటు ఒకడు కొండమీది స్థలం చూపించాడట, నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“రెండు పక్కలా సముద్రం కనిపిస్తుంది ఎతెల్వీనా!”

“కనిపిస్తే తాగుతారా? నీళ్ళ సంఘం ఇచ్చిన ఉత్తరం ఉందా? నీళ్ళిస్తామని కాగితం లేని భూమి కొంటే, మీరు ఆ సముద్రాన్ని చూసుకుంటూ చూరు కింద బకెట్లు పెట్టుకోవాలి.”

“మరి వాగు పక్క స్థలం?”

“అది అక్టోబరులో వాగు పక్కన ఉండదు. వాగులో ఉంటుంది.”

ఇవన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. వాగుకి దూరం, నీళ్ళ ఉత్తరం, లారీ వచ్చే దారి. “నువ్వు నాకు అమ్మలాగ,” అన్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఈ సంగతి అర్జీలో అనవసరమే కానీ రాయాలి, ఎందుకంటే ఆ కన్నీళ్ళు నాకు వెనక్కి కావాలి.

3. ఆ పుస్తకంలో రాసుకున్నవన్నీ ఉన్న స్థలం మా తీరంలో ఒక్కటే. నా దుకాణం ఉన్న మూల, దాని వెనక సముద్రం దాకా ఖాళీ నేల. అది దోన్ ఓవిదియోది. ఆయన నోటిమాట మీద ముప్పై ఒక్క ఏళ్ళు దుకాణం నడిపాను. ఆ నీళ్ళ కనెక్షను కూడా నా దుకాణం కోసం నేను ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్నదే. దోన్ ఓవిదియో పోయినప్పుడు ఆయన పిల్లల ఫోను నంబరు వారెన్‌కి ఇచ్చింది కూడా నేనే. పరామర్శిస్తానన్నాడు. పరామర్శించాడు. కొనేశాడు.

అప్పుడు కూడా నేను సంతోషించానండీ. “భయం వద్దు, నువ్వు ఎప్పుడూ ఇక్కడే,” అన్నాడు. ఇల్లు కట్టినన్నాళ్ళూ సిమెంటూ, పెంకులూ, కిటికీలూ నేనే దించుకుని సంతకాలు పెట్టాను. మన వీధులకి పేర్లూ నంబర్లూ లేవు కదా, లారీ వాళ్ళందరికీ చిరునామా ఒకటే: ‘ఓర్పు నుంచి సముద్రం వైపు వంద మీటర్లు’. ఇల్లు అద్దెకిస్తానని ప్రకటనల్లో అదే రాశాడు. గేటు దగ్గర రాతి మీద అదే చెక్కించాడు.

ఆఖరి పెంకు పడిన వారం వకీలు ఉత్తరం వచ్చింది. కార్లు నిలపడానికి చోటు కావాలట. ‘మీరు ముప్పై రోజుల్లో స్థలమును ఖాళీ చేయవలెను.’

ఆరేళ్ళలో అతను నన్ను ‘మీరు’ అన్నది అదొక్కసారి.

4. ఖాళీ చేశాను. ఎవరి ముందూ ఏడవలేదు. నేల కడిగి మరీ తాళం ఇచ్చాను. ఆ రోజు మా పోస్టుమాన్ దోన్ రిగో ఉత్తరాల సంచి పక్కన పడేసి నా ఫ్రిజ్ మోస్తున్నాడు. వారెన్ వచ్చి గోడ చూసి, “ఆ బోర్డు కూడా తీసుకెళ్ళు ఎతెల్వీనా, ఇక్కడ చెత్త ఉండకూడదు,” అన్నాడు.

దోన్ రిగో ఫ్రిజ్ కింద పెట్టాడు. “విన్నారా దోన్యా ఎతెల్వీనా? బోర్డు తీసుకెళ్ళమంటున్నాడు.”

“విన్నాను దోన్ రిగో. మీరు సాక్షి.”

తమ నోటీసులో ‘దుకాణం పేరును అక్రమంగా తరలించినందున’ అని ఉంది. తరలించమన్నది ఎవరో తమరు గమనించ ప్రార్థన.

5. అదే నోటీసులో, నేను కొత్త చోటుని ‘ఉద్దేశపూర్వకంగా’ ఎంచుకున్నానని వారెన్ ఫిర్యాదు చేసినట్టుంది. తమ దగ్గర అబద్ధం ఎందుకు? ఉద్దేశపూర్వకంగానే. మా తమ్ముడు మర్సియాల్‌ది అదే రోడ్డు మీద, బస్సు దిగగానే ముందు వచ్చే స్థలం. అక్కడి నుంచి సముద్రం వైపు వెళితే వాడి పందులదొడ్డి. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస దోన్ రిగో. తొంభై రెండు మీటర్లు వచ్చింది. దుకాణాన్ని ఎనిమిది మీటర్లు రోడ్డు వైపుకి జరిపి, సరిగ్గా వందకి కట్టించాను.

ఇక్కడ ఒకటి మనవి. నేను గానీ, మా తీరంలో ఎవరు గానీ, ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు. ‘ఓర్పు ఎక్కడ?’ అని అడుగుతారు. ‘అదిగో’ అంటాం. ఫోను మ్యాపులో చుక్క వేరే చోట చూపిస్తోందని అంటారు. మన డ్రైవర్లు చుక్కని ఎప్పుడు నమ్మారు? మనిషిని అడుగుతారు.

6. ఆ తరవాత జరిగినవి. చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ నలుగురు ఆడవాళ్ళు పందులదొడ్డికి వచ్చారు. మర్సియాల్ మర్యాదస్తుడు. పందుల్ని, “మీరు కాస్త పక్కకి జరగండి, చుట్టాలొచ్చారు,” అని అదిలించి, వాళ్ళకి కాఫీ పెట్టాడు. వాళ్ళు వారెన్ ఇంటి గురించి కంప్యూటర్లో రాశారట: ఇల్లు దొరకలేదు, పందుల యజమాని మాత్రం చాలా మంచివాడు అని.

తరవాత తెల్లటి పెద్ద స్నానాల తొట్టి వచ్చింది. లారీవాళ్ళు దొడ్డిలో దించి వెళ్ళిపోయారు. తీసుకెళ్ళమని నేనే కబురు పెట్టాను. తీసుకెళ్ళడానికి ఇంకో లారీ వచ్చింది, దాన్ని ఎక్కించుకుంది, చిరునామా చదువుకుంది, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ అక్కడే దించింది. ఇప్పుడు పందులు అందులో నీళ్ళు తాగుతున్నాయి. మరుగుదొడ్డి గుంట తోడే బండి కూడా రెండుసార్లు మా వైపే వచ్చి వెళ్ళింది. వారెన్ ఇంటి గుంట సంగతి నాకు తెలియదు. వాసన మాత్రం గాలి అటు నుంచి వీచినప్పుడు తెలుస్తోంది.

నాకు జాలి వేయలేదు. ఇది కూడా తమ రికార్డులో ఉంచగలరు.

7. రెండు వారాల కిందట ఒక గురువారం వారెన్ దుకాణానికొచ్చాడు. ముక్కు మళ్ళీ ఎర్రగా ఉంది. ఈసారి ఎండకి కాదు.

“నువ్వు ఈ పేరు మార్చు. నా ఇల్లు ఎవరికీ దొరకదు!”

“నీ ఇల్లు ఎక్కడికీ పోలేదు వారెన్. పోయింది నా దుకాణం.”

గుడ్లు ఏరుకుంటున్నావిడ చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ బతుకులో నేను ఒక మనిషిని ‘నువ్వు’ అనడం అదే మొదలు. వారెన్‌కి ఏమీ అర్థం కాలేదు. “నేను మున్సిపాలిటీకి వెళతాను!” అని కేకలేస్తున్నాడు. దోన్ రిగో అతని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్ళి చెప్పాడు: “అయ్యా, ఆవిడ ఇప్పుడు మిమ్మల్ని నలుగురిలో చెంప మీద కొట్టింది. మీకు తగిలినట్టు లేదు.”

అతను అన్నట్టే తమ దగ్గరికి వచ్చాడు. తమరు నోటీసు పంపారు.

దోన్ ఆనిబాల్, తమ నోటీసు పైన తమ ఆఫీసు చిరునామా అచ్చువేసి ఉంది. ‘పాత సినిమా హాలు నుంచి ఉత్తరానికి యాభై మీటర్లు.’ ఆ హాలు కాలిపోయినప్పుడు మా అమ్మ కడుపులో నేనింకా పడలేదు. ఇప్పుడక్కడ టైర్ల కొట్టు. అయినా పెళ్ళి కాగితం కావాలన్నా చావు కాగితం కావాలన్నా జనం ఆ సినిమా హాలు పేరు చెప్పుకుంటూనే మీ దగ్గరికి వస్తున్నారు. మన దేశంలో పోయినవాటిని చిరునామాలోంచి తీసెయ్యం కదండీ. వాటి ముందు ‘పాత’ అని పెట్టి, పిల్లలకి చెప్పి, వాళ్ళ చేత వాళ్ళ పిల్లలకి చెప్పిస్తాం. నేల కొన్నవాడికి ఆ సంగతి ఆరేళ్ళలో తెలియలేదు. దుకాణం కూలగొడితే చిరునామా తన కోసం అక్కడే నిలబడి ఉంటుందనుకున్నాడు.

(ఒక్క నిమిషం, సబ్బుకి ఎవరో వచ్చారు.)

ఆఁ. కావున నా కోరికలు:

మొదటిది, నోటీసు రద్దు చేయాలి. బోర్డు నాది, పేరు నాది. లైసెన్సు పోతే నాకు బతుకుతెరువు లేదు. ఇంకో వ్యాపారం చేతకాదు, ఈ వయసులో నేర్చుకోలేను. ఈ మాట అడుక్కుంటున్నట్టు వినిపిస్తే వినిపించనివ్వండి. దీన్ని మాత్రం అడుక్కుంటాను.

రెండోది, నష్టపరిహారం ఏమీ అక్కర్లేదు. వారెన్‌కి అతని చిరునామా తిరిగి ఇచ్చేస్తాను. లారీలూ, పెట్టెలూ, గుంట తోడే బండీ అన్నీ రేపటి నుంచే అతని ఇంటికి పంపిస్తాను, దోవ నేనే చూపిస్తాను. దానికి ఒక్క మాట చాలు. తమ రికార్డులోనూ, అతని ప్రకటనల్లోనూ, గేటు దగ్గర రాతి మీదా ‘పాత ఓర్పు నుంచి సముద్రం వైపు వంద మీటర్లు’ అని ఉండాలి. ‘పాత’ అనే అక్షరాలు మిగతావాటి కంటే చిన్నవి కాకూడదు.

అతను ఫోనులో గ్యాసువాడికి ఆ మాట చెప్పాలి. జ్వరమొస్తే డాక్టరుకి ఆ మాటే చెప్పాలి. అతిథులు, “పాత ఓర్పు అంటే ఏమిటి?” అని అడుగుతారు. చెప్పాలి. ఏం జరిగిందో తన నోటితో చెప్పాలి, ఒకరికి కాదు, వచ్చిన ప్రతివాళ్ళకీ. రేపు విసిగిపోయి ఇల్లు అమ్మినా, కొన్నవాడి కాగితాల్లో కూడా నేనే ఉండాలి. ఆ నేల మీదనుంచి నన్ను పంపించాడు, బాగుంది. ఇక అతని నోట్లో కాపురం పెడతాను.

ఇందులో ఏదీ చట్టానికి విరుద్ధం కాదని దోన్ రిగో అన్నాడు. ఆయన వకీలు కాదు గానీ చిరునామాలతో నలభై ఏళ్ళ అనుభవం ఉంది.

గడువులో మిగిలిన మూడు రోజుల్లోనే దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు (తమకు మాత్రమే),
ఎతెల్వీనా కస్కాంతే,
‘ఓర్పు’ కిరాణా,
మర్సియాల్ పందులదొడ్డి నుంచి రోడ్డు వైపు సరిగ్గా వంద మీటర్లు.

తా.క.: ఎల్లుండి ఉదయం మొదటి బస్సుకి స్వయంగా వస్తున్నాను. మీ ఇన్‌స్పెక్టరుకి బొండాలూ, మీకు అరటాకులో చుట్టిన తమాలెలూ తెస్తున్నాను, అది లంచం కాదు, ఎవరింటికీ ఉత్త చేతులతో వెళ్ళే అలవాటు లేదు. వారెన్‌ని కూడా పిలిపించండి. మీ ఎదట కూర్చుని తన చిరునామా పైకి చెప్పమనండి. ‘పాత’ అన్న మాట అతని నోటి నుంచి నా చెవులతో విన్నానంటే, లేచి నిలబడి, ‘మీరు కూర్చోండి’ అంటాను. అంతవరకూ మా తీరంలో పందులకి ‘మీరు’, అతనికి ‘నువ్వు’.