మధ్యాహ్నం ఆటలో ఈల

గీలాంగ్,
19 జులై, 1987.

చెల్లి డల్సీకి,

నీ అక్క నెరిడా ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, నా పిల్లీ కులాసా. అక్కడ నువ్వూ, మరిది రెజ్ కూడా అలాగే ఉన్నారని నమ్ముతాను.

నీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపేశాను. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. టీకి నీళ్లు పెడతాను, పోసుకోవడం మరిచిపోతాను. పెరట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగొస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. అవును, ఇక్కడ చలి ఎక్కువే. లేదు, తుంటి ఆపరేషన్ చేయించుకోను. నువ్వు పంపిన నారింజ మార్మలేడ్ సీసా దారిలో పగిలింది. చాలా బాగుందని పోస్ట్‌మాన్ అన్నాడు.

ఇక రికార్డింగు సంగతి. గ్రంథాలయం నుంచి వచ్చిన అమ్మాయి పేరు హీథర్. మనలాంటి పాత రంగస్థలం వాళ్లు పోయేలోపు వాళ్ల గొంతులు టేపుల్లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. మూడు రోజులు వంటింటి బల్లమీద ఆ యంత్రం పెట్టింది. ఫ్రిజ్ గుర్రుమంటోందని ప్లగ్గు పీకేసింది, నా ఐస్‌క్రీమంతా నీళ్లైపోయింది. మొదటి రెండు రోజులూ రెచ్చిపోయాననుకో. మన గుడారం గాలికి లేచి పోలీస్ స్టేషన్ మీద పడిన కథ కూడా చెప్పాను.

"నెరిడా గారూ, ఇది నిజమేనా?" అంది.

"సగం నిజం. మిగతా సగం ఇంకా బాగుంటుంది," అన్నాను.

నువ్వు కింద గీత గీసి మరీ అడిగావు: 'నా మోకాలి సంగతి చెప్పావా? ఆ తాగుబోతు క్లారీ పేరు పెట్టే చెప్పావా?' చెప్పాను డల్సీ. మూడో రోజు చెప్పాను. నువ్వు అనుకున్నట్టు మాత్రం కాదు.

హీథర్‌కి ఈలల సంగతి తెలియదు. ఓడల్లో తాళ్లు లాగి వచ్చిన క్లారీ లాంటివాళ్లు వేదిక నెత్తిన అటక మీద నిలబడేవారనీ, కింద నుంచి ఈల వినబడితే తెర వదిలేవారనీ, అందుకే అలా ఈలతో సైగ చేసే ఒక్క మనిషి తప్ప తెర వెనక ఇంకెవరూ ఈల వేయకూడదనీ వివరించాను. ఆ తర్వాత రాక్‌హాంప్టన్‌లో మధ్యాహ్నం ఆట గురించి చెప్పాను. నువ్వు వేదిక మధ్యలో నాట్యం చేస్తున్నావు. కుక్కల ఆటవాళ్ల చిన్న కుక్క తప్పించుకుని నీ కాళ్లకేసి పరుగెత్తింది. నువ్వు తూలిపడతావేమోనని దాన్ని వెనక్కి పిలవడానికి నేను ఈల వేశాను. నేనే డల్సీ. పైన క్లారీ తాడు వదిలేశాడు. నువ్వు తప్పుకోబోయావు, తెర అడుగు కర్ర వచ్చి నీ మోకాలి మీద పడింది.

మేనేజరు అందరినీ నిలబెట్టి, "ఈల ఎవరు వేశారు?" అని అడిగాడు.

"నాకు వినబడింది సార్, ఒట్టు," అన్నాడు క్లారీ.

"సీసాలోంచి వినబడి ఉంటుందిలే," అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజే క్లారీని పంపేశారు. సోమవారం నుంచి నీ నాట్యం నాకిచ్చారు. పంతొమ్మిదేళ్లు దానిమీదే పేరు తెచ్చుకున్నాను. మొదట భయపడి దాచాను. తర్వాత నీ దుస్తులు నాకు సరిపోయాయి గనక దాచాను. నాకు సిగ్గుగా ఉంది.

హీథర్ ఒక కాగితం ఇచ్చింది. అందులో రెండు గళ్లు: టేపు ఇప్పుడే ఎవరైనా వినొచ్చు, లేదా నేను పోయాకే వినాలి. రెండోదాని మీద కలం పెట్టాను. అంతలో ఆమె మాటల్లో మాటగా, క్లారీ బెండిగోలో ఒక వృద్ధాశ్రమంలో ఉన్నాడనీ, వచ్చే నెల అతని దగ్గరికి వెళ్తున్నాననీ అంది. కలం పక్కన పెట్టేసి మర్నాడు రైలెక్కాను.

ఎనభై ఆరేళ్లు అతనికి. నన్ను చూడగానే, "ఏమే నెరిడా, ముసలిదానివైపోయావే!" అన్నాడు.

"నువ్వేదో పెళ్లికొడుకులా ఉన్నట్టు," అన్నాను. తర్వాత అంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "మళ్లీ చెప్పు," అన్నాడు. మళ్లీ చెప్పాను.

"అయితే ఈల వినబడింది నిజమేనా?"

"నిజమే క్లారీ."

"ముప్పై మూడేళ్లు నా చెవుల్ని నేనే నమ్మలేదే పిల్లా. అంతమంది అంటుంటే నాకూ అనుమానమొచ్చింది. తాగానేమో, మర్చిపోయానేమో, ఆ పిల్ల కాలు నేనే విరగ్గొట్టానేమో అనుకున్నా," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఇంటికొచ్చి మొదటి గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. వేరెవరో చెప్పి నీకు తెలియకూడదని ముందు ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. కానీ నేను లేచి వస్తుంటే క్లారీ ఒక్కటే అడిగాడు. "డల్సీకి రాసేటప్పుడు, ఆ రోజు నేను తాగలేదని రాస్తావా?" అన్నాడు.

డల్సీ, ఆ రోజు క్లారీ తాగలేదు.

ఇట్లు,
నువ్వు కాదనేదాకా నీ అక్క,
నెరిడా