బాలయేసుకు పాత చీర

సుగుణా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్ ఇది. మన ఎమ్మిగనూరు చర్చి నాటకంలో బాలయేసుగా పడుకోబెట్టే పసిబిడ్డకు ఏటా నువ్వే బట్ట చుట్టేదానివి. పెద్దదాన్ని, పూటపూటా ప్రార్థన చేసేదాన్ని, నన్నెవరూ అడగలేదు. దేవుని కుమారునికి నీ పాత చీర ముక్కలా అని కుళ్లుకునేదాన్ని.

ఈసారి నన్నడిగారు. నెల రోజులు మగ్గం మీద కూర్చుని జరీ అంచు బట్ట నేశాను, నిన్నెవరూ తలచుకోకూడదని. నాటకం రోజు అది చుట్టగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. పాట ఆగిపోయింది.

"పసిబిడ్డను గంజిబట్టలో సుడతారా తల్లీ?" అని అరిచింది మంత్రసాని దేవమ్మత్త. "దేవుడైతే ఏమి, మనిషి కడుపున పుట్టినాడు గదా! ఒళ్లు ఒరుసుకోదా? పాత సీర తేపో."

ఇంటికి పోయి పెట్టె తెరిచాను. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న నీ చీర తీశాను. అది చుట్టగానే బిడ్డ ఊరుకున్నాడు.

దేవుడు మనలాంటి ఒళ్లు తెచ్చుకున్నాడని ఇన్నేళ్లు చదివాను. ఆ ఒంటికి నొప్పి పుడుతుందని నీకే తోచింది.

ఈ ఏడు కూడా ఆయన్ను నువ్వే ఎత్తుకున్నావు.

మీ అక్క