చుక్క ముట్టని టైల్

జగ్గయ్యపేట

నందిగామ టైల్స్ షాపు యజమానురాలు ప్రమీలారాణి గారికి నమస్కారాలు.

నేను బాలసుబ్రహ్మణ్యాన్ని. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ లలితాంబకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడ కోసం కొత్త బాత్రూమ్ కట్టిస్తున్నాను. ఏ టైల్ ఎంత నీరు పీలుస్తుందో స్వయంగా తేల్చుకుంటే గానీ కొనను. శాంపిల్స్ పంపగలరు.

ఇట్లు,
ఎవరి మాటా ఊరికే నమ్మని
బాలసుబ్రహ్మణ్యం

తా.క.: ఫోన్‌లో మాట గాలికి పోతుంది. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అందుకే ఉత్తరం.

*

నందిగామ

మాస్టారికి నమస్కారమండీ.

మా షాపు టైల్‌కి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. నేలకి విట్రిఫైడ్ ఒకటి, గోడకి సిరామిక్ ఒకటి పంపుతున్నా. మా ట్రాలీ ఆటో డ్రైవర్ డేవిడ్‌రాజు, మా తమ్ముడు రవితేజ తెస్తారు. మా సరుకైనా, మా మనుషులైనా ఎలా కావాలంటే అలా పరీక్షించుకోండి.

ఇట్లు,
రెంటి మీదా ధీమాతో
ప్రమీలారాణి

తా.క.: ఆటో మొరాయిస్తోంది. రాత్రికి అక్కడే ఆగాల్సొస్తే మీ అరుగు మీద కాస్త చోటివ్వండి.

*

జగ్గయ్యపేట

ప్రమీలారాణి గారికి,

మీరు పంపిన రెండూ చేరాయి. ఆ రాత్రే పరీక్ష పెట్టాను. ఒకటి చుక్క ముట్టలేదు. అలాంటిది ఇంటికే గౌరవం. రెండోది మాత్రం రాత్రంతా తాగుతూనే ఉంది! తెల్లారి లేపబోతే ఒళ్ళంతా బరువు. నెత్తిన కొట్టి చూశాను. మొద్దు చప్పుడు తప్ప పలుకు లేదు. ఇలాంటిదాన్ని నా గడప తొక్కనివ్వను.

ఇట్లు,
తీవ్ర అసంతృప్తితో
బాలసుబ్రహ్మణ్యం

తా.క.: ప్రస్తుతం ఎండలో పడేశాను. ఆరాక తీసుకువెళ్ళండి.

*

నందిగామ

మాస్టారూ,

మనిషిని పట్టుకుని ‘ఒకటి’, ‘రెండోది’ అంటారా? పైగా నెత్తిన కొడతారా? డేవిడ్‌రాజుని నిలదీశా. “నన్నెవరూ కొట్టలేదమ్మా” అన్నాడు. దెబ్బ కూడా గుర్తులేనంత తాగాడన్నమాట! పనిలోకి రావద్దన్నా. వాళ్ళావిడ కృపాజ్యోతి షాపుకొచ్చి నలుగురిలో నిలబడి, “మా ఆయన దగ్గుమందు పోస్తేనే వాసనకి పారిపోతాడు. ఆ మాస్టార్ని నా ముందుకొచ్చి చెప్పమనండి” అని కడిగేసింది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు చూస్తే నాకూ అనుమానంగానే ఉంది. సరిగ్గా ఏం జరిగిందో రాయండి.

ఇట్లు,
మనసు పాడైన
ప్రమీలారాణి

తా.క.: మా తమ్ముడు చుక్క ముట్టలేదని రాసినందుకు థాంక్సండీ. మా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.

*

జగ్గయ్యపేట

అయ్యయ్యో, ప్రమీలారాణి గారూ!

నేను రాసింది టైల్స్ గురించి! బకెట్లో నానబెట్టి, ముందూ వెనకా తూకం వేసి రాశాను. డేవిడ్‌రాజు ఆ రాత్రి మా అరుగు మీద మజ్జిగ తాగి పడుకున్నాడు. తక్షణం అతన్ని పనిలోకి పిలవండి. కృపాజ్యోతి గారి దగ్గరికి నేనే వచ్చి తప్పు ఒప్పుకుంటాను. కానీ ఆ తాగుబోతు టైల్‌ను నాకెందుకు అంటగట్టారు?

ఇట్లు,
తలదించుకుని, ప్రశ్న మాత్రం వదలని
బాలసుబ్రహ్మణ్యం

తా.క.: మీ తమ్ముడి గురించి నేనేమీ హామీ ఇవ్వలేదు.

*

నందిగామ

మాస్టారికి నమస్కారమండీ.

డేవిడ్‌రాజుకి క్షమాపణ చెప్పి ఆటో తాళాలు చేతికిచ్చా. ఇక మీ ప్రశ్న. గోడకేసే సిరామిక్ టైల్ తాగాలండీ! పీలిస్తేనే వెనకనున్న సిమెంట్‌తో పట్టు కుదురుతుంది. కాకపోతే సిమెంట్‌లో నీళ్ళన్నీ ఒక్కసారే లాగేయకుండా మేస్త్రీలు ముందే నానబెడతారు. నేల మీద పొద్దస్తమానం నీళ్ళుంటాయి, కాబట్టి అక్కడ విట్రిఫైడ్. అది తాగేది నామమాత్రం. ఎవరి పని వాళ్ళది. నేల టైల్స్ లోడు డేవిడ్‌రాజే తెస్తున్నాడు.

ఇట్లు,
మళ్ళీ తలెత్తుకున్న
ప్రమీలారాణి

తా.క.: ఈసారి పరీక్ష పెడితే దేనికి పెట్టారో పేరు రాయండి.

*

జగ్గయ్యపేట

ప్రమీలారాణి గారికి,

లోడు రాగానే నా పరిశోధన చూపిద్దామని వీధివాళ్ళందర్నీ పిలిచాను. నాలుగు టైల్స్ పరిచి బకెట్ నీళ్ళు కుమ్మరించాను. “చుక్క ముట్టదు, చూడండి!” అన్నాను. “నడిచి చూపిస్తా మాస్టారూ” అని డేవిడ్‌రాజు ఉత్సాహంగా అడుగేసి, జర్రున జారి కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు. కానీ వీధంతా, “పొద్దున్నే వేసుకొచ్చాడ్రోయ్!” అంది.

లలితాంబ గుమ్మంలోంచి, “టైల్ తాగకపోతే నీళ్ళు పైనేగా ఉంటాయి? కాలు జారదా?” అంది. పీల్చుదల తూచాను గానీ జారుడు సంగతి నాకు తట్టనేలేదు!

తర్వాతిది మీకు తెలుసు. అదే ఆటోలో మీ షాపుకొచ్చి, తడికాలితో ఒక్కో టైలూ తొక్కి, నీళ్ళు తాగనిదీ, కాలు పట్టుకునేదీ అయిన గరుకు రకం తనే ఎంచుకుంది.

నిన్న బాత్రూమ్ పూర్తయింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ నా భుజం పట్టుకుని వెళ్ళే మనిషి, “మీరు బయటే ఉండండి” అని తలుపేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి కూనిరాగం వినిపించింది. టవల్ పట్టుకుని బయట నిలబడ్డాను. నా దగ్గర చదివిన ఏ పిల్లాడు ఫస్టొచ్చినా ఇంత గర్వపడలేదండీ.

ఇట్లు,
లలితాంబ గారి భర్త
బాలసుబ్రహ్మణ్యం

తా.క.: వీధివాళ్ళ నోళ్ళు మూయించడానికి డేవిడ్‌రాజుకి సర్టిఫికెట్ రాసిచ్చాను: “పరీక్షించితిని. పీల్చుదల శూన్యం.” కృపాజ్యోతి గారు దానికి లామినేషన్ చేయించారట, కాగితం కూడా తాగకుండా.