నాయిన తుపాకి బల్ల మీదికెక్కింది

నవంబర్ 3, 1974. ఆదివారం
తప్పులుంటే ఏమనుకోవద్దు. ఐదో తరగతిల బడి మాన్పించిండ్రు, అక్షరాలు కోడి గీకినట్టున్నయి. అయినా ఇయ్యాల రాయకపోతే మనసు ఆగదు.
నాయిన తుపాకిని కంపెనీ ఫోర్‌మన్ సారుకిచ్చి రేడియో తెస్తడట మా ఆయన. మా ఊరు గుమ్మడిదల చెలకల్ల నాయిన కంజుపిట్టల్ని కొట్టిన చర్రా తుపాకి, గాలి ఊపుతోని సీసం గుండు ఎగిరేది. పానం పోయేముందు నా చేతిల పెట్టిపోయిండు.
"మీ నాయిన ఎట్ల కొట్టిండో గని, నా చేతిల చెట్టుకు గూడ తగుల్తలేదు" అన్నడు మా ఆయన.
అత్త సంబురపడ్డది. "రేడియో వస్తే పాటలన్న వింటం."
నేను గిన్నెలు తోముకుంట ఏడ్చిన.

నవంబర్ 5
అడిగిన. పెండ్లయినంక మొదటిసారి ఆయన్ని ఒకటి అడిగిన. తుపాకి ఉంచయ్యా అని.
ఒక షరతు పెట్టిండు. "కోత పండుగకు చర్చి కాడ పోటీ పెడ్తున్నరు. బల్ల మీద ఆనించి కాల్చుడు. చర్రాలన్ని గుండ్రం లోపల పడ్తే ఉంటది. లేకపోతే రేడియో."
సరే అన్న.

నవంబర్ 8
తుపాకి విప్పిండు. లోపలి తోలు వాషర్ ఎండి అప్పడం లెక్కయింది. ఇగ గాలి ఎట్ల నిలుస్తది మరి. పాత చెప్పు తోలుతోని కొత్తది కోసిండు. పనిల పడ్తే ఆయన మొఖమే వేరు... పిలిచినా పలుకడు.

నవంబర్ 10
నా తప్పు. వాషర్ మెత్తగైతదని ఆముదంల మునిగేదాక నానబెట్టిన. పేలిస్తే గొట్టంల నుంచి పొగ, పటాకి లెక్క చప్పుడు. చర్రా ఎటు పోయిందో.
"ఇల్లు కాలవెడ్తవా ఏందే!" — అత్త.
ఆయన మాత్రం నవ్విండు. వాషర్‌ను పిండి, తుడిచి, "ఒక్క చుక్క చాలు" అన్నడు.

నవంబర్ 13
కంపెనీల లేత్ మిషిని మీద ఇత్తడి బిళ్ళ చేసుకొచ్చిండు. నడుమ సన్న బొక్క. తుపాకి వెనక బిగించి, అందులకెళ్ళి చూడుమన్నడు. గొట్టం కొసకున్న గురి ముల్లు నల్లగ, సాఫ్‌గ కనిపిస్తది. తుపాకి కట్టె మరలు గూడ వదులైనయి, బిగించిండు.
చర్రాలు చాటల పోసి నేను ఏరిన, బియ్యంల రాళ్ళు ఏరినట్టే. అంచు నొక్కుకపోయినవి పక్కకు.
"గింత దానికే తేడానా?"
"వేలికి తెలుస్తది" అన్న.

నవంబర్ 15
దొడ్లె బల్ల. బల్ల మీద ఇసుక సంచి — ఆయన పాత ప్యాంటు కాలు కోసి కుట్టిన. మట్టిగోడకు అట్టముక్క.
ఆయన తుపాకిని సంచికి అదిమి, పండ్లు బిగించి కాల్చిండు. ఒకటి కింద, ఒకటి మీద, ఒకటి అట్టకే తగల్లే.
"ఇగ రేడియోనే" అన్నడు. అన్నం తినలే.

నవంబర్ 17, ఆదివారం
సంతోషంతోని రాస్తున్న.
మధ్యాహ్నం అత్త స్త్రీల ప్రార్థనకు పోయింది. ఆయన పండుకున్నడు. నేను బల్ల కాడ కూసున్న. గట్టిగ అదుముదామంటే నాకు బలమేది? సంచి మీద అరచెయ్యి పరిచి, అరచేతిల తుపాకిని పండవెట్టిన. ఇసుర్రాయి పిడిని పట్టినట్టు, వదులుగ. బిగవట్టుకుంటే చేతికి బొబ్బలే కద.
కాలిస్తే అది ఎగిరింది. తనంతట తనే వచ్చి చేతిల కూసుంది.
చర్రాలన్ని ఒక్క చోట. రూపాయి బిళ్ళంత చోట!
ఆయన్ని లేపాల్నా... లేపిన.
"ఎవరు కొట్టిండ్రు?"
"నేనే."
"మళ్ళ కొట్టు."
కొట్టిన. అట్టముక్క కాడికి పోయి బొక్కలను వేలితోని కొలిచిండు.
"బిగవట్టొద్దు. అది ఎగురుతది, ఎగరనియ్యాలె" అన్న. నా నోట్లకెళ్ళే వచ్చిందా ఆ మాట!

నవంబర్ 20
ఆయనకు అట్ల వదులుగ పట్టుడు వస్తలేదు. ఎప్పుడూ బిగించుడే అలవాటైన చేతులు. "నువ్వే కూసో" అన్నడు. అంతమంది ముందట?

నవంబర్ 24, కోత పండుగ
ఒకపక్క గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్లు వేలం పాడుతున్నరు. ఇంకోపక్క బల్ల. బల్ల చుట్టూ అందరు మొగోళ్ళే.
"ఏం భాయ్, వంటింటిని గూడ ఎంబడి తెచ్చినవా?" — ఫోర్‌మన్ సారు.
"తెచ్చిన సార్. జెర పక్కకు జరుగుండ్రి" అన్నడు మా ఆయన.
కొంగు నడుముకు చెక్కిన. ముసుగు జారింది. జారనిచ్చిన. ఇత్తడి బిళ్ళ బొక్కలకెళ్ళి చూస్తే మనుషులు లేరు, నల్ల చుక్క ఒక్కటే.
అన్నీ గుండ్రంలనే! ఆఖరుది నల్ల చుక్క నడుమనే. చర్చి అయ్యగారు అట్టముక్క ఎత్తి అందరికి చూపిండు. ఆడోళ్ళ గుంపులకెళ్ళి ఒక్క అరుపు — "మా కోడలు! గుమ్మడిదల పిల్ల!" — అత్త! మా అత్తనే!
నాయినా, నీ తుపాకి ఎటూ పోదు.

నవంబర్ 25
దవడకు తుపాకి కట్టె ఒత్తిన గుర్తు. అద్దంల నాలుగుసార్లు చూసుకున్న.

నవంబర్ 27
హైదరాబాదుల పెద్ద పోటీ ఉన్నదట. తుపాకి ఇయ్యి, నేను కొట్టుకొస్త అని ఫోర్‌మన్ సారు అడిగిండట. "అది ఆమెది సార్, ఆమెనే అడుగుండ్రి" అన్నడట మా ఆయన. ఆమెది... ఆ మాట మళ్ళ చెప్పించుకున్న.
రేపు పొద్దుగాల సారే నన్ను అడుగనీకి వస్తడట.

నవంబర్ 28
చాయ్ మరుగుతున్నది. "తుపాకి ఒక్కటే రాదు సార్, నేను గూడ వస్త" — పొయ్యి ముందట కూసోని పొద్దున్నుంచి ఇదే అంటున్న. పరాయి మొగోని ముందట నోరు తెరిచి ఎరుగ. మా ఆయన గడపల నిలవడి నా దిక్కే చూస్తున్నడు.
పోవాలని ఉంది. రాసేసిన. ఈ కాయితం ఎవరికి దొరికినా పొయ్యిల పెట్టుండ్రి, మా అత్తకు చూపియ్యకుండ్రి.
బయట సారు స్కూటర్ ఆగింది. అత్త పిలుస్తున్నది — పోతున్న, ఆ మాట అననీకి.